కారు అద్దాలకు ఫిల్మ్ వేయించాలా? ముందు ఈ లెక్క చూడండి

ఎండలు ముదిరే కొద్దీ కార్ డెకార్స్ షాపులకు గిరాకీ పెరుగుతుంది. అక్కడ వినపడే మాట ఎప్పుడూ ఒకటే: "ఇది 70 పర్సెంట్ ఫిల్మ్ సార్, గవర్నమెంట్ అప్రూవ్డ్, ఎవరూ ఆపరు." డబ్బులు కట్టి బయటికొస్తారు. కొన్నాళ్లకు చెకింగ్‌లో ఆపుతారు, కానిస్టేబుల్ గోటితో ఓ మూల లేపి సర్రున పీకేస్తాడు, పైన చలాన్ రాస్తారు. షాపతని మీద కోపం రావడం సహజమే. కానీ అతను చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. గొడవంతా మిగతా సగంతోనే.

చట్టం ఫిల్మ్ డబ్బా మీది అంకెను పట్టించుకోదు. అద్దం, దాని మీద అంటించినవి అన్నీ కలిసి ఎంత వెలుతురును వదులుతున్నాయన్నదే చూస్తుంది. దానికి తోడు సుప్రీంకోర్టు ఆదేశం ఒకటి ఉంది, అది అంకెలతో పని లేకుండా ఫిల్మునే వద్దంటుంది. ఇంకో సంగతి: మనం నలుపు కొంటున్నది చల్లదనం కోసం. ఆ రెంటికీ సంబంధం అనుకున్నంత లేదు. ఈ మూడూ అర్థమైతే షాపులో ఏమడగాలో, ఏది వద్దనాలో మీకే తెలుస్తుంది.

మొదటి అడుగు: 70, 50 అనే అంకెలు దేనికో తెలుసుకోండి

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 100వ నిబంధన అద్దాల గురించి. దాని ప్రకారం ముందు అద్దం, వెనక అద్దం కనీసం 70 శాతం వెలుతురును లోపలికి రానివ్వాలి. పక్క కిటికీలు కనీసం 50 శాతం రానివ్వాలి. దీన్నే వీఎల్‌టీ అంటారు. అద్దం మీద పడిన కంటికి కనిపించే కాంతిలో ఎన్నో వంతు అవతలికి దాటుతోందన్న లెక్క అది.

ఇక్కడ చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. వీఎల్‌టీ 70 అంటే 70 శాతం నలుపు కాదు, 70 శాతం వెలుతురు. అంకె పెరిగే కొద్దీ అద్దం తేటగా ఉంటుంది. "ఫిఫ్టీ పర్సెంట్ డార్క్ వేయండి" అని అడిగితే మీ మనసులో ఉన్నదొకటి, షాపతను తీసేది ఇంకొకటి. అందుకే అడిగేటప్పుడు "వీఎల్‌టీ ఎంత" అనే అడగండి.

ఈ నిబంధనలో "అలా ఉండాలి, అలాగే నిర్వహించాలి" అన్న అర్థంలో రెండు మాటలున్నాయి. కారు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజే కాదు, రోడ్డు మీద తిరుగుతున్నన్నాళ్లూ ఆ 70, 50 నిలబెట్టాలి. ఆ బాధ్యత యజమానిది. ఈ "నిర్వహించాలి" అన్న మాటే తర్వాత ఒక హైకోర్టులో పెద్ద చర్చకు దారి తీసింది. దానికి కాసేపట్లో వద్దాం.

సొంత కారు, ట్యాక్సీ, స్కూల్ వ్యాన్, బస్సు అనే తేడా ఈ అంకెలకు లేదు. క్యాబ్ నడిపేవాళ్లు "కస్టమర్లు అడుగుతున్నారు" అని వేయించుకుంటారు. చలాన్ మాత్రం కస్టమర్ కట్టడు.

రెండో అడుగు: 2012 తీర్పు ఏం చెప్పిందో సరిగ్గా చదవండి

నలుపు అద్దాల వెనక నేరాలు జరుగుతున్నాయనీ, లోపల ఎవరున్నారో పోలీసులకు కనపడటం లేదనీ అవిషేక్ గోయెంకా అనే ఆయన సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2012 ఏప్రిల్ 27న తీర్పు వచ్చింది. ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా, న్యాయమూర్తులు ఎ.కె. పట్నాయక్, స్వతంత్ర కుమార్ ధర్మాసనం అది. అదే ఏడాది మే 4 నుంచి అమలు చేయమన్నారు.

కోర్టు వాదన సూటిగా ఉంది. నిబంధన చెబుతున్నది అద్దం గురించి, అంటే తయారైనప్పుడే ఆ అద్దానికి 70, 50 శాతం ఉండాలి. లేత రంగు అద్దంతోనే కంపెనీ కారు ఇస్తే, ఆ రంగు పరిమితి లోపలే ఉంటే తప్పు లేదు. కానీ ఆ తర్వాత తెచ్చి దాని మీద ఇంకోటి అంటించుకోమని నిబంధన ఎక్కడా చెప్పలేదు. కాబట్టి ఎంత వీఎల్‌టీ ఉన్న బ్లాక్ ఫిల్మ్ అయినా, మరే పదార్థమైనా ముందు, వెనక, పక్క అద్దాల మీద అంటించడానికి వీల్లేదని తేల్చేసింది. చలాన్ రాయడంతో సరిపెట్టకుండా అక్కడికక్కడే ఫిల్మ్ తీసేయమనీ పోలీసులకు చెప్పింది. అందుకే రోడ్డు మీద పీకేస్తే "నా వస్తువు మీరెలా పాడు చేస్తారు" అన్న వాదన నిలవదు.

మినహాయింపు ఒక్కటే. జెడ్, జెడ్ ప్లస్ భద్రత ఉన్నవాళ్ల విషయాన్ని రాష్ట్ర హోం కార్యదర్శి, డీజీపీ లేదా పోలీస్ కమిషనర్‌తో కూడిన కమిటీ పరిశీలించవచ్చు. సర్పంచ్ బావమరిది, ఎమ్మెల్యే అనుచరుడు, ప్రెస్ స్టిక్కర్ ఉన్న కారు ఈ కోవలోకి రావు. 2022 మార్చిలో హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసులు బ్లాక్ ఫిల్ముల మీద స్పెషల్ డ్రైవ్ పెట్టినప్పుడు సినిమా తారల కార్లనూ ఆపి, ఫిల్ములు తీయించి చలాన్ రాశారు. అప్పట్లో పేపర్లలో వచ్చిన జరిమానా 700 రూపాయలు. ఆ కార్ల విలువ ముందు 700 ఒక లెక్కా అనిపిస్తుంది గానీ, ఫిల్మ్ ఖరీదు మాత్రం వేలల్లో ఉంటుంది. అది పోయిందంటే పోయినట్టే.

ఎండకు చర్మం పడదని డాక్టర్ చీటీ చూపిస్తే వదిలేస్తారని షాపుల్లో చెబుతుంటారు. 100వ నిబంధనలో అలాంటి వెసులుబాటు రాసి లేదు. చీటీ చూసి ఒక అధికారి జాలిపడవచ్చు, అవతలి కూడలిలో ఇంకో అధికారి పడకపోవచ్చు.

మూడో అడుగు: 2021లో వచ్చిన మార్పును అతిగా నమ్మకండి

"ఆ తీర్పు పాతదైపోయింది సార్, ఇప్పుడు ఫిల్మ్ లీగలే" అన్న మాట ఈమధ్య బాగా వినిపిస్తోంది. దీని వెనక కథ ఉంది. 2020లో కేంద్రం 100వ నిబంధనను సవరించింది. అంతకుముందు 'సేఫ్టీ గ్లాస్' అని మాత్రమే ఉన్నచోట 'సేఫ్టీ గ్లాస్ లేదా సేఫ్టీ గ్లేజింగ్' అని చేర్చింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. దానికి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 2553 రెండో భాగం, 2019 నాటి సవరణ. అద్దం లోపలి వైపున ప్లాస్టిక్ పొర ఉన్న గ్లాసు కూడా ఈ ప్రమాణంలో సేఫ్టీ గ్లేజింగ్ కిందికే వస్తుంది.

దీన్ని పట్టుకుని ఫిల్ముల తయారీదారులు, అమ్మకందారులు, చలాన్ పడ్డ ఒక యజమాని కేరళ హైకోర్టుకు వెళ్లారు. 2024 సెప్టెంబరులో న్యాయమూర్తి ఎన్. నగరేష్ వాళ్లకు అనుకూలంగా తీర్పు ఇచ్చారు. సుప్రీంకోర్టు చూసింది పాత నిబంధననని, అందులో గ్లేజింగ్ ఊసే లేదని అన్నారు. కొత్త నిబంధనలో "నిర్వహించాలి" అన్న మాట ఉంది కాబట్టి కంపెనీయే కాదు, యజమాని కూడా ప్రమాణానికి సరిపోయే ప్లాస్టిక్ పొరను వాడుకోవచ్చని, వెలుతురు 70, 50 శాతం కన్నా తగ్గనంతవరకు జరిమానా వేయకూడదని తేల్చారు.

నా మటుకు నాకు ఆ తర్కం సబబుగానే తోస్తుంది. కానీ రోడ్డు మీద నా అభిప్రాయం చెల్లదు. కేరళ హైకోర్టు తీర్పు కేరళ అధికారులను కట్టేస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టుల ముందు దాన్ని వాదనగా చూపించవచ్చు, అంతే తప్ప మన దగ్గరి ఎస్సై దాన్ని పాటించి తీరాలన్న నియమం లేదు. 2012 నాటి ఆదేశం చేతిలో పెట్టుకుని ఆయన ఫిల్మ్ పీకితే, అక్కడ నిలబడి న్యాయశాస్త్రం మాట్లాడి మీరు గెలవలేరు. కొచ్చిలో ఉద్యోగం చేసుకుంటూ కేరళ బండి నడిపే తెలుగువాళ్లకు పరిస్థితి మెరుగు. అదే బండిలో సంక్రాంతికి ఊరికొస్తే మాత్రం రాష్ట్ర సరిహద్దు దాటిన దగ్గర్నుంచి లెక్క మారిపోతుంది.

కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో టెన్షన్ లేకుండా తిరగాలంటే నా సలహా ఇది: అద్దం మీద ఏమీ అంటించొద్దు. ఎలాగైనా వేయించుకుంటానంటే, అది మీరు తెలిసి తీసుకుంటున్న రిస్కు. కనీసం ఆ రిస్కు లెక్క ప్రకారం తీసుకోండి.

నాలుగో అడుగు: మీ కారు అద్దం మూల చదవండి

ప్రతి అద్దానికీ ఒక మూల తెల్లటి చిన్న అక్షరాల ముద్ర ఉంటుంది. కారు కొన్న పదేళ్లలో ఒక్కసారీ దాన్ని చదవనివాళ్లే ఎక్కువ. ముందు కంపెనీ పేరు కనిపిస్తుంది. మన దేశంలో తిరిగే కార్లలో ఎక్కువగా కనిపించేవి ఆసాహి ఇండియా, సెయింట్ గోబెన్. దాని కింద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 2553 అన్న సంఖ్య ఉంటాయి. లామినేటెడ్ అనో, టఫెన్డ్ లేదా టెంపర్డ్ అనో ఉంటుంది. ముందు అద్దం లామినేటెడ్ అయి తీరాలి. రెండు గ్లాసుల మధ్య పలచని ప్లాస్టిక్ పొర ఉంటుంది కనుక రాయి తగిలితే సాలెగూడులా పగులుతుందే గానీ మొహాన పడదు. పక్క అద్దాలు చాలా కార్లలో టఫెన్డ్. పగిలితే చిన్న చిన్న పలుకులై రాలిపోతాయి.

చాలా అద్దాల మీద ఒక వలయంలో 'ఈ' అనే ఇంగ్లిష్ అక్షరం, పక్కన దేశం సంఖ్య, దాని కింద 43ఆర్ అన్న గుర్తు కూడా ఉంటాయి. అది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధన 43కి సంబంధించినది. ఆ సంఖ్య చివర గీత పెట్టి రోమన్ ఐదు గుర్తు ఉందంటే, ఆ గ్లాసు వీఎల్‌టీ 70 కన్నా తక్కువని అర్థం. వెనక సీటు కిటికీలకు ముదురు గ్లాసు వచ్చే దిగుమతి కార్లలో ఇది కనపడుతుంది. అలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే పక్క అద్దాల 50 శాతం పరిమితిని కొలిపించి చూసుకోండి.

ఫ్యాక్టరీ గ్లాసు లేత ఆకుపచ్చగా ఉందేమిటని కంగారు పడొద్దు. కొంత వేడిని, అతినీలలోహిత (యూవీ) కిరణాలను ఆపడానికి గ్లాసు కరిగించే దశలోనే కలిపే రంగు అది. పోలీసులు దానికి చలాన్ రాయరు. రాసినా ఆ మూల ముద్రే మీ సాక్ష్యం.

ఐదో అడుగు: గుణించండి

షాపులో చెప్పని లెక్క ఇదే. అద్దం వీఎల్‌టీని ఫిల్మ్ వీఎల్‌టీతో గుణిస్తే రెండూ కలిసిన వీఎల్‌టీ సుమారుగా వస్తుంది.

లేత ఆకుపచ్చ పక్క గ్లాసు వీఎల్‌టీ 75, 80 మధ్య ఉండటం మామూలు. మీది 78 అనుకుందాం. దాని మీద 70 శాతం ఫిల్మ్ వేస్తే 78లో 70 శాతం, అంటే 54.6. పక్క కిటికీకి 50 చాలు కాబట్టి అంకె వరకు గట్టెక్కారు. "50 అలౌడ్ కదా" అని 50 శాతం ఫిల్మ్ వేయించారనుకోండి, 78లో సగం 39. ఏ రాష్ట్రంలో, ఏ తీర్పు ప్రకారం చూసినా అది చట్టవిరుద్ధం. కేరళలోనూ కాపాడేవాడు ఉండడు. నేను చూసిన గొడవల్లో ఎక్కువ ఈ దగ్గరే వస్తాయి: పరిమితి 50, ఫిల్మ్ 50, ఇంకేం అనుకుంటారు.

ముందు అద్దం ఇంకా సున్నితం. గ్లాసుకే 75 ఉంటే, బాగా తేటగా కనిపించే 90 శాతం ఫిల్మ్ వేసినా 67.5కి పడిపోతుంది. 70 కన్నా తక్కువ. గ్లాసు 80 అయితే 72 వస్తుంది, బొటాబొటీ. దాని మీద దుమ్ము, గీతలు, పాతబడ్డ జిగురు చేరితే ఆ రెండు శాతం ఎగిరిపోతుంది. ముందు అద్దం జోలికి అసలు పోవద్దని నేను గట్టిగా చెబుతాను. చలాన్ భయంతో కాదు. వానాకాలం రాత్రి, ఎదురుగా హైబీమ్, రోడ్డు పక్కన లైటు లేని ఎడ్లబండి ఉన్నప్పుడు ఆ కాస్త వెలుతురే బ్రేకు మీద కాలు పడే సమయాన్ని నిర్ణయిస్తుంది. వెనక అద్దం కూడా 70 లెక్కలోకే వస్తుందని మరిచిపోకండి. "వెనక ఎవరు చూస్తారు" అని అక్కడే అన్నిటికన్నా ముదురు వేయిస్తారు.

ఆరో అడుగు: కొలిపించండి

వీఎల్‌టీ మీటరు అరచేతిలో పట్టే పరికరం. రెండు ముక్కలుగా ఉండే రకంలో ఒకటి అద్దానికి లోపల, ఒకటి బయట పెడితే అయస్కాంతంతో అతుక్కుని అంకె చూపిస్తుంది. పేరున్న ఫిల్మ్ డీలర్ల దగ్గర ఇది ఉంటుంది. ఉండి కూడా తీయకపోతే ఆ షాపు వద్దు.

పద్ధతి సులువే. అద్దాన్ని రెండు వైపులా శుభ్రంగా తుడిపించండి. ఫిల్మ్ వేయకముందు ఒట్టి గ్లాసును కొలవండి, ఆ అంకె రాసుకోండి. ఫిల్మ్ చిన్న ముక్కను తడిపి గ్లాసు మీద పెట్టించి మళ్లీ కొలవండి. ఈ రెండో అంకె నచ్చితేనే మొత్తం కోయమనండి. అంతా అయ్యాక ప్రతి కిటికీనీ రెండు మూడు చోట్ల కొలిపించి, మీటరు అంకె కనపడేలా ఫొటో తీసుకోండి. బిల్లు మీద ఫిల్మ్ పేరు, మోడల్, వీఎల్‌టీ, అది ఐఎస్ 2553కు సరిపోతుందన్న సర్టిఫికెట్ నంబరు రాయించండి. "అవన్నీ ఎందుకు సార్" అంటే వెనక్కి తిరిగి వచ్చేయండి.

మీటరు లేనప్పుడు కంటితో చేసే ఓ పరీక్ష ఉంది. కిటికీ సగం దించి, కొద్ది దూరంలో తెల్లగోడనో తెల్ల కారునో చూడండి. పైన ఖాళీలోంచి అసలు తెలుపు, కింద గ్లాసులోంచి తగ్గిన తెలుపు ఒకేసారి కనిపిస్తాయి. తేడా కొట్టొచ్చినట్టుంటే పరిమితి దాటి ఉండే అవకాశం ఎక్కువ. అంకె మాత్రం తెలియదు. చాలా చెకింగుల్లో పోలీసులూ ఇలాగే కంటితోనే తేలుస్తారు.

ఏడో అడుగు: ఉన్న ఫిల్మును పాడు చేయకుండా తీయండి

సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు ఇది ఎక్కువగా అవసరం. పాత ఓనరు వేయించిన ఫిల్ముకు చలాన్ ఆర్సీ నంబరు మీద, అంటే మీ మీద పడుతుంది. బేరం కుదిరేటప్పుడే పెండింగ్ చలాన్లు చూసుకుని, ఫిల్మ్ తీయించే ఖర్చు తగ్గించమని అడగండి.

ఇంట్లో తీయాలంటే ఎండ మన పక్షాన పనిచేస్తుంది. కారును గంటసేపు ఎండలో ఉంచితే జిగురు మెత్తబడుతుంది. లేదంటే హెయిర్ డ్రయ్యర్ చాలు. కిటికీని రెండు వేళ్ల మందం దించండి, ఫిల్మ్ పై అంచు బయటపడుతుంది. ఆ అంచుకు వేడి తగిలిస్తూ గోటితో మూల లేపండి. ఇక్కడ తొందరపడితే ఫిల్మ్ రెండు పొరలుగా చీలి, రంగు పొర చేతికి వచ్చి జిగురు పొర గ్లాసు మీదే ఉండిపోతుంది. అందుకని నిటారుగా లాగొద్దు. గ్లాసుకు దాదాపు ఆనించినట్టు వంచి, నెమ్మదిగా, ఒకే వేగంతో కిందికి లాగండి. వేడి ముందు నడవాలి, చెయ్యి వెనక నడవాలి. సరిగ్గా చేస్తే ఒక కిటికీది ఒక్క ముక్కగా వస్తుంది.

మిగిలిన జిగురుకు గోరువెచ్చటి సబ్బు నీళ్లు చల్లి కాసేపు నాననివ్వండి, పాత ఏటీఎం కార్డు అంచుతో గీకండి. మొండిగా ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. డోరు మీద పవర్ విండో స్విచ్చులుంటాయి, వాటి మీద మందపాటి తువ్వాలు కప్పడం మరవద్దు. నీళ్లు లోపలికి దిగితే స్విచ్చు ఖరీదు చలాన్ కన్నా ఎక్కువవుతుంది.

వెనక అద్దం దగ్గర మాత్రం ఆగండి. దాని లోపలి వైపు అడ్డంగా సన్నటి గోధుమరంగు గీతలుంటాయి, అవే అద్దానికి పట్టిన ఆవిరిని వేడితో పోగొట్టే డీఫాగర్ తీగలు. బ్లేడు తగిలి ఒక్క గీత తెగినా ఆ వరుస వేడెక్కడం మానేస్తుంది. అక్కడ బ్లేడు, ఇనప స్క్రాపర్ వద్దే వద్దు. గీతలకు అడ్డంగా కాకుండా అవి సాగిన దిక్కులోనే లాగండి. ధైర్యం చాలకపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట స్టీమ్‌తో తీసేవాళ్లు దొరుకుతారు. ఆ ఒక్క అద్దం వాళ్లకివ్వడం నయం.

ఎనిమిదో అడుగు: నలుపు లేకుండా చల్లబరచండి

ఎండలో మన కంటికి కనిపించే వెలుతురు మొత్తం శక్తిలో సగం కన్నా తక్కువే. సుమారు సగం పరారుణ కిరణాలు, వాటికి రంగు లేదు. అద్దాన్ని నల్లబరిస్తే కనిపించే వెలుతురు తగ్గుతుంది, కళ్లకు హాయిగా ఉంటుంది. చౌక నల్ల ఫిల్మ్ మాత్రం ఆ శక్తిని తానే పీల్చుకుని వేడెక్కి, అందులో కొంత వేడిని లోపలికే విడుస్తుంది. అందుకే వేడి ఆపే గ్లాసు కొనాలంటే రంగు చూడకూడదు, మొత్తం సౌరశక్తిలో ఎంత ఆపుతుందన్న అంకె చూడాలి. దాన్ని టీఎస్ఈఆర్ అంటారు. పరారుణాన్ని ఆపే లామినేటెడ్ గ్లాసులు తేటగానే ఉంటాయి. కొత్త కారు బుక్ చేసేటప్పుడు ఆ వేరియంట్‌లో యూవీ కట్, సోలార్ కంట్రోల్ గ్లాసు ఉందా అని అడగండి. ఫ్యాక్టరీ నుంచి అలా వస్తే ఏ చెకింగూ సమస్య కాదు. ముందు అద్దం ఎలాగూ లామినేటెడ్ కాబట్టి మధ్యలోని పొరే యూవీని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. చర్మం గురించి భయపడేవాళ్లు చూసుకోవాల్సింది పక్క కిటికీలనే.

ఎండలో ఆపిన కారు సంగతి వేరు. అరగంటలో లోపలి వేడి బయటికన్నా 15 డిగ్రీలకు పైగా పెరుగుతుంది. కిటికీలు కాస్త దించి పెడితే తగ్గుతుందని అందరం అనుకుంటాం. దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. పిల్లల్ని, ముసలివాళ్లను "రెండు నిమిషాల్లో వస్తా" అని కారులో వదలడం ఆ ధీమాతోనే జరుగుతుంది, దయచేసి వద్దు. పనిచేసేది ముందు అద్దానికి లోపల పెట్టే వెండిరంగు సన్‌షేడ్. డాష్‌బోర్డే అతి పెద్ద పొయ్యి, దాని మీద ఎండ పడకపోతే సగం పని అయినట్టే. ఆపిన కారుకు అది ఉంటే చట్టానికి అభ్యంతరం లేదు, నడిపేటప్పుడు తీసేస్తాం కదా.

బయల్దేరేటప్పుడు ఎక్కగానే ఏసీ ఫుల్ పెట్టి కూర్చోకండి. నాలుగు కిటికీలూ దించి, బయటి గాలి మోడ్‌లో ఫ్యాన్ పెట్టి ఒకటి రెండు నిమిషాలు నడపండి. ఉడికిన గాలి బయటికి పోయాక కిటికీలెత్తి రీసర్క్యులేషన్ నొక్కండి. రామగుండంలోనైనా, రెంటచింతలలోనైనా ఈ పద్ధతితో కారు త్వరగా దారికొస్తుంది. ఏసీ ఫిల్టరు మార్చి ఎన్నాళ్లైందో కూడా చూసుకోండి. "ఫిల్మ్ లేకపోతే చల్లబడట్లేదు" అనే కార్లలో కొన్నిటికి అసలు రోగం మట్టిపట్టిన ఫిల్టరే.

వెనక సీట్లో పసివాడున్నప్పుడు కిటికీకి తగిలించే జాలీ తెరల సంగతి అడుగుతుంటారు. అద్దానికి అతుక్కునే రకం "మరే పదార్థమైనా" అన్న మాట కిందికి వస్తుంది. ఫ్రేముకు అయస్కాంతంతో తగిలించేది అద్దాన్ని తాకకపోయినా, నడుస్తున్న కారులో లోపల కనిపించకుండా చేస్తే పోలీసులు ఊరుకోకపోవచ్చు. చెయ్యెత్తి ఆపగానే తీసి పక్కన పెట్టేలా ఉండేదే వాడండి. డ్రైవరు, పక్క సీటు కిటికీలకు మాత్రం వద్దు. సైడ్ మిర్రర్‌లో పక్క బండి కనపడాలి.

తొమ్మిదో అడుగు: ఆపితే ఏం చేయాలి

అద్దాలు దించి, ఇంజిన్ ఆపి, కాగితాలు చూపండి. డిజీలాకర్, ఎంపరివాహన్‌లో ఉన్న ఆర్సీ, లైసెన్సు చెల్లుతాయి. ఫిల్మ్ ఉంటే వాదన పెంచకుండా "నేనే తీస్తాను" అనండి. వాళ్లు పీకితే జిగురు చారలతో గ్లాసు పాడవుతుంది, వెనక అద్దం డీఫాగర్ గీతలకూ గ్యారంటీ లేదు.

జరిమానా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 177 కింద ఉంటుంది. 2019 సవరణ ప్రకారం మొదటిసారి 500 రూపాయల వరకు, మళ్లీ దొరికితే 1,500 వరకు. అక్కడికక్కడే కట్టే రాజీ రుసుమును సెక్షన్ 200 కింద రాష్ట్రాలు నిర్ణయిస్తాయి కాబట్టి తెలంగాణలో ఒకటి, ఏపీలో ఒకటి, కర్ణాటకలో ఒకటి కనిపిస్తుంది. చలాన్ మీద ఏ సెక్షను, ఏ నిబంధన రాశారో చదవండి.

అద్దం మీద ఏమీ లేకుండా, ఫ్యాక్టరీ రంగుకే చలాన్ పడితే మాత్రం ఊరుకోకండి. మూల ముద్ర ఫొటో, మీటరు అంకె ఫొటో, డీలరు ఇచ్చిన వివరం జతచేసి ఈ-చలాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. ఒప్పుకోకపోతే కోర్టుకు పంపమని అడిగే హక్కు మీకుంది. కంటితో చూసి రాసిన చలాన్ మీద కొలిచిన అంకె మంచి ఆయుధం.

విదేశాల్లో ఉంటే

అమెరికాలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో లెక్క, అక్కడి మనవాళ్లు ఉద్యోగం మారినప్పుడు దొరికిపోయేది దీంతోనే. టెక్సాస్‌లో ముందు తలుపుల కిటికీలకు 25 శాతం వరకు చెల్లుతుంది. డాలస్‌లో అలా వేయించిన కారును కాలిఫోర్నియాకు తీసుకెళ్తే అక్కడ ముందు కిటికీలకు 70 కావాలి. న్యూజెర్సీలో వైద్య కారణంతో అనుమతి లేనిదే ముందు పక్క కిటికీలకు ఫిల్మే కుదరదు. బ్రిటన్‌లో ముందు అద్దానికి 75, ముందు కిటికీలకు 70, వెనక కిటికీలకు పరిమితి లేదు. అక్కడి 25 శాతం ఫిల్మ్ చూసొచ్చి ఇక్కడ అదే అడిగే అన్నయ్యలకు పైన చెప్పిన గుణకారం ఒకసారి చూపించండి.

కాలిఫోర్నియాలో టికెట్ పడినా బెంబేలు పడనక్కర్లేదు. సాధారణంగా దాన్ని 'ఫిక్స్ ఇట్' టికెట్‌గా రాస్తారు. ఫిల్మ్ తీసేసి, తీసినట్టు అధికారి దగ్గర సంతకం పెట్టించుకుని, గడువులోగా కోర్టుకు చూపితే 25 డాలర్ల రుసుముతో కేసు కొట్టేస్తారు. టికెట్ వెనక భాగంలోనే సంతకానికి చోటు ఉంటుంది, అందుకని ఆ కాగితాన్ని పారేయకండి.